రూపాయి ఒకటే, రెపో రేటు ఒకటే, మరి బోర్డర్ దాటితే ధర ఎందుకు మారుతోంది?

పర్లాకిమిడి, పాతపట్నం పక్కపక్క ఊళ్ళు. ఒకటి ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం, ఇంకోటి ఆంధ్రాలో శ్రీకాకుళం జిల్లా. రెండు చోట్లా తెలుగు, ఒడియా కలిసే వినపడతాయి, రెండు చోట్లా అదే రూపాయి, అదే ఫోన్‌పే, అవే బ్యాంకులు, ఆ బ్యాంకుల పైన అదే ఆర్‌బీఐ. అయినా పాతపట్నం బండ్లు పెట్రోల్ కోసం ఇటు పర్లాకిమిడికే వస్తాయి, ఎందుకంటే లీటరు దగ్గర ఏడు రూపాయల దాకా తేడా ఉంటుంది. ఇచ్ఛాపురం వాళ్ళు గిరిసోల వైపు వచ్చి ట్యాంకు నింపించుకునేది కూడా ఈ లెక్కతోనే. ఇందులో పెద్ద రహస్యమేం లేదు, ఆంధ్రాలో పెట్రోల్ మీద వ్యాట్ 31 శాతం, ఆపైన లీటరుకి 4 రూపాయలు అదనం, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు, ఒడిశాలో 28 శాతం వ్యాట్‌తో సరి.

ధరల గురించి మాట్లాడాలంటే ఈ బోర్డర్ ఊళ్ళు బాగా పనికొస్తాయి. టీవీ డిబేట్లలో ఒకాయన నోట్లు గుద్దేసి ధరలు పెంచారంటాడు, ఇంకొకాయన పన్నుల వల్లే అంటాడు, మూడో ఆయన వ్యాపారుల దోపిడీ అంటాడు, గంటసేపు అరుచుకుని వెళ్ళిపోతారు, విన్నోళ్ళకి ఏదీ తేలదు. ఇక్కడ మాత్రం కొంత తేల్చొచ్చు. ఆర్‌బీఐ అటూ ఇటూ ఒకటే కాబట్టి, ఒకే సరుకు ధర బోర్డర్‌కి ఈ పక్క ఒకలా ఆ పక్క ఒకలా ఉందంటే ఆ తేడాకి రెపో రేటు (ఆర్‌బీఐ బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ) కారణం కాదని గట్టిగా చెప్పొచ్చు. రెండు పక్కలా కలిసి, ఏడాది తర్వాత ఏడాది, సరుకు మీద సరుకు పెరుగుతూ పోతుంటే అప్పుడు ఆర్‌బీఐ వైపు చూడాలి. ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడబట్టే సగం గందరగోళం.

ఇంకో గందరగోళం ఏంటంటే, ధర ఎక్కువగా ఉండటం వేరు, ధర పెరుగుతూ ఉండటం వేరు. ద్రవ్యోల్బణం అంటే ఆ రెండోది. ఆంధ్రాలో పెట్రోల్ ఖరీదు ఎక్కువ, కానీ పన్ను రేటు అలాగే ఉంటే ఆ ఎక్కువ కూడా అక్కడే ఉండిపోతుంది, దానివల్ల ఏటేటా ద్రవ్యోల్బణం రాదు. పన్ను పెంచిన ఏడాది లెక్కలో ఒకసారి గెంతు కనపడుతుంది, పన్నెండు నెలలు గడిచాక ఆ గెంతు లెక్కలోంచి మాయమైపోతుంది, జేబులోంచి మాత్రం పోతూనే ఉంటుంది. పన్ను తగ్గించినా ఇంతే. 2021 నవంబర్‌లో కేంద్రం పెట్రోల్ మీద ఎక్సైజ్ 5 రూపాయలు, డీజిల్ మీద 10 రూపాయలు తగ్గించింది, 2022 మేలో మళ్ళీ 8, 6 తగ్గించింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సబ్బులు, టూత్‌పేస్టులు, బిస్కెట్ల మీద జీఎస్టీ 5 శాతానికి తెచ్చారు. ఇవన్నీ ఒక్కసారికి ధరని ఒక మెట్టు దించే పనులు, తర్వాత ఆ మెట్టు మీంచి మళ్ళీ ఎంత స్పీడుగా ఎక్కుతుందనేది వేరే కథ.

అందుకే 2025 అక్టోబర్‌లో రిటైల్ ద్రవ్యోల్బణం 0.25 శాతం అని వార్త వచ్చినప్పుడు, 2012 ఆధార సంవత్సరంగా మొదలైన సిరీస్‌లో అదే అతి తక్కువ అని చెప్పినప్పుడు, బజారు సంచీ పట్టుకున్నవాళ్ళు ఎవరూ నమ్మలేదు. లెక్క తప్పేం కాదు. 2024 అక్టోబర్‌లో అదే ద్రవ్యోల్బణం 6.21 శాతం, తిండి సరుకులైతే ఏకంగా 10.87 శాతం. అంటే అప్పటికే బాగా ఎత్తుకి వెళ్ళిపోయిన ధరతో పోల్చి, అక్కడి నుంచి ఇంకా పెరగలేదని చెప్తున్నారు. పర్లాకిమిడి నుంచి బరంపురం బయల్దేరిన బస్సు స్లో అయినంత మాత్రాన తిరిగి పర్లాకిమిడి రాదు కదా. 2021 నాటి నూనె ధర, 2021 నాటి ఇంటి అద్దె వెనక్కి రావాలంటే ద్రవ్యోల్బణం సున్నా అయితే చాలదు, మైనస్‌లో ఏళ్ళ తరబడి ఉండాలి, అలా ఉంటే ఉద్యోగాలు, కూలీలు కూడా పోతాయి కాబట్టి ఏ సెంట్రల్ బ్యాంకూ దాన్ని కోరుకోదు.

సరే, అసలు ధరలు ఎందుకు పెరుగుతాయి? ఇక్కడి జనాలకి బాగా తెలిసిన కారణం సరుకు రాకపోవడం. 2024లో బంగాళాదుంపల సంగతి చూడండి. ఒడిశాకి కావాల్సిన దుంపలో ఎక్కువ భాగం పశ్చిమ బెంగాల్ నుంచే రావాలి. ఆ ఏడాది జులైలో ఒకసారి, నవంబర్ చివర్లో మళ్ళీ ఒకసారి బెంగాల్ ప్రభుత్వం తమ దగ్గర ధర పెరుగుతోందని బయటికి పోయే లారీల్ని ఆపేసింది. ఒడిశా అంతటా దుంప ధర ఎగిరిపడింది, రెండు ప్రభుత్వాల మధ్య ఉత్తరాలు, మాటల యుద్ధాలు, తర్వాత ఎప్పటికో లారీలు కదిలాయి. ఇందులో డబ్బు సప్లైకి, వడ్డీ రేటుకి ఏ సంబంధమూ లేదు. రెపో రేటు పావు శాతం పెంచితే దుంప మొలవదు, లారీ కదలదు.

తుపాన్లదీ అదే వరస. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటి ఉద్దానం కొబ్బరిని, జీడితోటల్ని పడగొట్టి అటు నుంచి గజపతి కొండల్లోకి వెళ్ళింది. కూరగాయ మడి నీట మునిగితే నెల రెండు నెలల్లో మళ్ళీ కొత్త పంట వస్తుంది, ధర దిగుతుంది. కొబ్బరి చెట్టు పడిపోతే కాపుకి ఏళ్ళు పడుతుంది. రెండూ "సప్లై షాక్" అనే ఒకే పేరు కింద పుస్తకాల్లో ఉంటాయి గానీ రైతు ఇంట్లో రెండూ ఒకటి కావు.

ఆర్‌బీఐకి ఈ విషయం తెలీదనుకోవడం పొరపాటు. 2023 జులైలో టమాటా చాలా ఊళ్ళలో కిలో 150 దాటి, కొన్నిచోట్ల 200 కూడా పలికింది, ఆ నెల ద్రవ్యోల్బణం 7.44 శాతం అయ్యింది, టమాటా మీద మీమ్స్ తప్ప ఇంకేం కనపడని రోజులు అవి. ఆగస్టులో రెపో రేటు తేల్చే మానిటరీ పాలసీ కమిటీ కూర్చుని రెపోని 6.5 దగ్గరే ఉంచేసింది, కదపలేదు. సెప్టెంబర్ వచ్చేసరికి అదే టమాటాకి కోత కూలి కూడా రాక రైతులు రోడ్డు మీద పారబోశారు. ఒక పంట, ఒక సీజన్, దానికి వడ్డీ రేటుతో మందు వేయరు.

మరి ఎప్పుడు వేస్తారు? ఇక్కడే అసలు సంగతి ఉంది, కొంచెం నిదానంగా చూడాలి.

ఒక చిన్న టిఫిన్ హోటల్ తీసుకుందాం, బస్టాండ్ దగ్గర ఉండే రకం. ఇడ్లీ ప్లేటు 30 రూపాయలు, పూరీ 40 అనుకుందాం. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది, అక్కడి నుంచి రావాల్సిన పొద్దుతిరుగుడు నూనె ఆగింది, పోనీ పామాయిల్ ఉందిలే అనుకుంటే ఏప్రిల్ 28 నుంచి ఇండోనేషియా దాని ఎగుమతి ఆపేసింది, మే 23 దాకా ఎత్తలేదు. మనం వాడే వంటనూనెలో సగం కంటే ఎక్కువ బయటినుంచే రావాలి. నూనె పెరిగింది, డీజిల్ అప్పటికే పెరిగి ఉంది, కమర్షియల్ సిలిండర్ ధర నెలనెలా మారుతుంది. హోటల్ ఆయన రెండు నెలలు ఓపిక పట్టాడు, పక్క హోటల్ వాడు పెంచే దాకా ఆగాడు, తర్వాత పూరీ 50 చేశాడు. ఇంతవరకూ సప్లై కథే. కానీ పూరీతో పాటు ఇడ్లీ కూడా 35 అయ్యింది, ఇడ్లీలో నూనె ఏముందని? అడిగితే, పప్పులు పెరిగాయి, కుర్రాడు జీతం పెంచమంటున్నాడు, ఎలాగూ బోర్డు మారుస్తున్నాం కదా అని ఒకేసారి మార్చేశాం అంటాడు. కుర్రాడు జీతం ఎందుకు అడిగాడంటే వాడింట్లో నూనె, వాడి అద్దె, వాడి పిల్లల ఆటో ఖర్చు పెరిగాయి, పైగా వాడి తమ్ముడు సూరత్‌లో మగ్గాల దగ్గర ఉన్నాడు, ఇక్కడ ఇవ్వకపోతే రైలెక్కేస్తాడు. గంజాం జిల్లా నుంచి సూరత్ పవర్‌లూమ్‌లకి వలస వెళ్ళేవాళ్ళు అంతమంది ఉన్నారు కాబట్టి ఈ బెదిరింపు ఉత్తుత్తిది కాదని యజమానికీ తెలుసు.

తర్వాత నూనె తగ్గింది. ఎవరో అడిగారు, "నూనె తగ్గింది కదా, రేటు తగ్గించవేటి?" అని. "నూనె తగ్గింది గానీ కుర్రోడి జీతం తగ్గుతాదేటి బాబూ?" అన్నాడు. దీన్ని పెద్ద పెద్ద వాళ్ళు సెకండ్ రౌండ్ ఎఫెక్ట్ అంటారు. మొదటి షాక్ నూనెది, అది వచ్చింది పోయింది, కానీ అది పోయేలోపు జీతంలోకి, అద్దెలోకి, ఆటో చార్జీలోకి, ట్యూషన్ ఫీజులోకి పాకిపోయింది, పాకినవేవీ వెనక్కి రావు. ఇంకా ప్రమాదం ఏంటంటే వచ్చే ఏడాది కూడా పది శాతం పెరుగుతుందని అందరూ ముందే ఫిక్స్ అయిపోవడం. అద్దె అగ్రిమెంట్‌లో ఏటా పది శాతం అని ముందే రాసేసుకుంటారు, మేస్త్రీ కూలి ముందే పెంచి చెప్తాడు, పట్టు నేసే ఇంట్లో ముడి పట్టు రేటు ఎలా ఉన్నా నేతకూలి పెంచమనే మాట ముందే వస్తుంది. ఎవరిదీ తప్పు కాదు, ఎవరికి వాళ్ళు తమని కాపాడుకుంటున్నారు, కానీ అందరూ కలిసి అదే పని చేస్తే ధరలు నిజంగానే పెరుగుతాయి. ఆర్‌బీఐ భయపడేది టమాటాకి కాదు, ఈ ఫిక్స్ అయిపోవడానికి.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. హోటల్ ఆయన 50 చేసినా జనం తింటేనే కదా ఆ రేటు నిలబడేది. జనం చేతిలో డబ్బు ఆడకపోతే ఎంత కాస్ట్ పెరిగినా కొంత తన లాభంలోంచే తీసుకోవాలి, లేదంటే ఇడ్లీ సైజు తగ్గించాలి (అదీ జరుగుతోంది, అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ రేటు అదే, లోపల బరువు మాత్రం తగ్గుతూ వస్తోంది). అంటే షాక్ పాకడానికి దారి ఇచ్చేది డిమాండ్, డిమాండ్ వెనకాల డబ్బు. డబ్బు అంటే ముద్రించిన నోట్లే అనుకుంటారు చాలామంది, నిజానికి చెలామణిలో ఉన్న డబ్బులో ఎక్కువ భాగం బ్యాంకు ఖాతాల్లో అంకెల రూపంలోనే ఉంటుంది. బ్యాంకు ఎవరికైనా లోన్ ఇచ్చిందంటే వాళ్ళ ఖాతాలో ఒక అంకె వేస్తుంది, ఆ అంకె కొత్త డబ్బే. లోన్లు స్పీడుగా పెరిగితే డబ్బు పెరుగుతుంది, సరుకు అంత స్పీడుగా పెరగకపోతే ధర పెరుగుతుంది. డబ్బు పరిమాణం పెరగకుండా దీర్ఘకాలం ద్రవ్యోల్బణం నడవదని అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ వాదించింది ఇదే, ఆయన మాట పూర్తిగా కరెక్టా అంటే దీర్ఘకాలానికి చాలావరకు కరెక్టు, ఆరు నెలల బజారు అర్థం చేసుకోవడానికి మాత్రం పెద్దగా పనికిరాదు.

రెపో రేటు పట్టుకునేది ఈ లోన్ల దగ్గర. బ్యాంకులకి తక్కువ రోజులకి డబ్బు అవసరమైతే ప్రభుత్వ బాండ్లు పెట్టి ఆర్‌బీఐ దగ్గర తెచ్చుకునే వడ్డీ అది. అది పెరిగితే బ్యాంకుకి డబ్బు ఖరీదవుతుంది, లోన్ వడ్డీ పెరుగుతుంది, కొత్తగా ఇల్లు కట్టేవాడు, కారు కొనేవాడు, షాపు పెంచేవాడు కొంచెం ఆగుతారు, ఖర్చు తగ్గుతుంది, రేటు పెంచే ధైర్యం హోటల్ ఆయనకి తగ్గుతుంది. ఇదంతా జరగడానికి నాలుగైదు త్రైమాసికాలు ఈజీగా పడుతుంది, అందుకే ఇవ్వాళ రేటు పెంచి వచ్చే నెల ధరలు దిగలేదేంటని అడగడంలో అర్థం లేదు.

ద్రవ్యోల్బణానికి ఒక టార్గెట్ పెట్టుకుని రెపో కదిపే ఈ పద్ధతి మనకి అంత పాతదేం కాదు. ఆర్‌బీఐ వేసిన ఉర్జిత్ పటేల్ కమిటీ 2014 జనవరిలో రిపోర్టు ఇచ్చింది, 2015 ఫిబ్రవరిలో ప్రభుత్వానికీ ఆర్‌బీఐకీ ఒప్పందం అయ్యింది, 2016లో ఆర్‌బీఐ చట్టం సవరించారు. టార్గెట్ 4 శాతం, అటు రెండు ఇటు రెండు, అంటే 2 నుంచి 6 లోపు ఉండాలి. ఆరుగురు సభ్యుల కమిటీ ఓటేసి రేటు తేలుస్తుంది, ఓట్లు సమానమైతే గవర్నర్‌కి ఇంకో ఓటు. వరసగా మూడు త్రైమాసికాలు గీత దాటితే ఎందుకు ఫెయిలయ్యారో ప్రభుత్వానికి ఉత్తరం రాయాలి. 2022లో అదీ జరిగింది, జనవరి నుంచి సెప్టెంబర్ దాకా 6 పైనే ఉండటంతో నవంబర్ 3న ప్రత్యేకంగా మీటింగ్ పెట్టి ఉత్తరం పంపారు. ఆ ఉత్తరం మాత్రం బయటికి ఇవ్వలేదు. ధరల వల్ల నలిగేది జనం, సంజాయిషీ మాత్రం కవర్‌లో ఢిల్లీకి, ఇదేం పద్ధతో!

2022లో జరిగింది చూస్తే ఆలస్యం ఖరీదు కూడా తెలుస్తుంది. కోవిడ్‌లో 2020 మే నుంచి రెపో 4 శాతం దగ్గర పెట్టారు, అప్పుడు అది అవసరమే. యుద్ధం మొదలై నూనె, గోధుమ, క్రూడ్ అన్నీ ఎగిసిపడుతున్నా ఏప్రిల్ మీటింగ్‌లో రేటు కదపలేదు. ఏప్రిల్ ద్రవ్యోల్బణం 7.79 శాతం దాకా వెళ్ళింది. మే 4న షెడ్యూల్‌లో లేని మీటింగ్ పెట్టి ఒక్కసారిగా 0.40 పెంచారు, అక్కడి నుంచి 2023 ఫిబ్రవరికల్లా 6.5కి చేర్చారు. తొమ్మిది నెలల్లో రెండున్నర శాతం. ముందే మొదలుపెట్టి ఉంటే ఇంత గాభరా ఉండేది కాదన్న విమర్శలో బలం ఉంది, యుద్ధం వస్తుందని ఎవరికి తెలుసన్న సమాధానంలోనూ కొంత నిజం ఉంది.

అసలు రేటు పెంచకుండా, ఇంకా తగ్గిస్తే ఏమవుతుందో టర్కీ చేసి చూపించింది. వడ్డీ ఎక్కువైతేనే ధరలు పెరుగుతాయని ప్రెసిడెంట్ ఎర్డోగన్ నమ్మకం. 2021లో ద్రవ్యోల్బణం పెరుగుతుంటే రేటుని 19 నుంచి 14 శాతానికి దించారు, వాళ్ళ కరెన్సీ లీరా పడిపోయింది, బయటి సరుకు అంతా ఖరీదైంది, 2022 అక్టోబర్‌లో అధికారిక లెక్కలోనే 85 శాతం. తర్వాత 2024 మార్చికల్లా అదే రేటు 50 శాతానికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. అమెరికాలో సెంట్రల్ బ్యాంకు అధిపతి పాల్ వోల్కర్ 1980ల మొదట్లో రేటుని 20 శాతం దగ్గరికి తీసుకెళ్ళి ధరల్ని దించాడు, కానీ 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతం. అంటే మందు పనిచేస్తుంది, బిల్లు కూడా గట్టిగానే వస్తుంది, ఆ బిల్లు ఉద్యోగం పోయినవాడు కడతాడు.

మన బోర్డర్ జిల్లాల్లో ఆ బిల్లు ఎవరికి వస్తుంది అనేది సరిగ్గా ఎవరూ మాట్లాడరు. బరంపురంలో ఒక టీచర్, లేదా రైల్వే ఉద్యోగి, పాతిక లక్షల హోమ్ లోన్ 20 ఏళ్ళకి తీసుకున్నారనుకుందాం. వడ్డీ 6.75 ఉన్నప్పుడు ఈఎంఐ సుమారు 19,000. అది 9.25 అయితే దాదాపు 22,900. 2019 అక్టోబర్ నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) హోమ్ లోన్లన్నీ రెపో లాంటి బయటి బెంచ్‌మార్క్‌కి కట్టేయాలని ఆర్‌బీఐ రూల్ పెట్టింది కాబట్టి రెపో కదిలితే ఇది త్వరగానే కదులుతుంది. మామూలుగా బ్యాంకులు ఈఎంఐ పెంచవు, నెలలు పెంచుతాయి, మెసేజ్ వస్తుంది, చాలామంది చదవరు, రిటైర్మెంట్ తర్వాత కూడా లోన్ ఉందని తర్వాతెప్పుడో చూసుకుంటారు. అయినా వీళ్ళకి ఏటా రెండుసార్లు డీఏ ఉంది, ధరలు పెరిగితే జీతం కొంత వెంట వస్తుంది.

ఇప్పుడు రాయగడ, గుణుపూర్ వైపు ఒక చిన్న రైతు ఇంటికి రండి. పంట రుణం కిసాన్ క్రెడిట్ కార్డు మీద 7 శాతం, టైముకి కడితే ప్రభుత్వం 3 శాతం తిరిగి ఇస్తుంది, 4 పడుతుంది. రెపో 4 ఉన్నా 6.5 ఉన్నా ఇది మారదు. ఇంట్లో ఆడవాళ్ళ పేరు మీద మైక్రోఫైనాన్స్ గ్రూపు లోన్ ఉంటుంది, దానికి వడ్డీ 20 శాతం పైనే, 2022లో ఆర్‌బీఐ ఆ వడ్డీల మీద సీలింగ్ కూడా ఎత్తేసింది. రెపో 2025లో 6.5 నుంచి డిసెంబర్‌కల్లా 5.25కి దిగింది, గ్రూపు మీటింగ్‌లో వారం వారం కట్టే కిస్తీ మీద దాని నీడ కూడా పడలేదు. ఇంకా అవసరమైతే నూటికి మూడు, అంటే నెలకి మూడు రూపాయల వడ్డీకి ఇచ్చే షావుకారు ఉండనే ఉన్నాడు, ఏడాదికి 36 శాతం, ఆయన ఏ కమిటీ మాటా వినడు. కింద సబ్సిడీతో బిగించిన వడ్డీ, పైన షావుకారు వడ్డీ, రెండూ రెపోకి కదలవు. కదిలేది మధ్యలో ఉన్న జీతగాళ్ళు, చిన్న కంపెనీల వాళ్ళ లోన్లు మాత్రమే.

అంటే రైతుకి సంబంధమే లేదా అంటే ఉంది, అడ్డదారిలో ఉంది. రేటు పెరిగితే సిటీల్లో బిల్డింగ్ పనులు తగ్గుతాయి, విశాఖలోనో చెన్నైలోనో సెంట్రింగ్ పనికి వెళ్ళిన కొడుకు నెలకి పాతిక రోజులు బదులు పదిహేను రోజులు పని దొరికిందని ఫోన్ చేస్తాడు. ఆ ఇంటి దాకా వచ్చే మానిటరీ పాలసీ ఇదే. లోన్ వడ్డీగా కాదు, తగ్గిన కూలీగా వస్తుంది. దీన్ని ఏ ఈఎంఐ క్యాలిక్యులేటరూ చూపించదు.

ధరలు అదుపులో పెట్టే పనిలో ప్రభుత్వాలు వాడే మిగతా ఆయుధాలు ఇంకా నేరుగా తగులుతాయి. 2022 మేలో గోధుమ ఎగుమతి ఆపారు, 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపారు, ఏడాది పైన ఉంచి 2024 సెప్టెంబర్ చివర్లో ఎత్తారు, 2023 డిసెంబర్‌లో ఉల్లి ఆపారు. తినేవాడికి మేలు, పండించినవాడికి బయటి మార్కెట్‌లో వచ్చే ధర పోయింది. నూనె సుంకం కథ చూడండి, 2024 సెప్టెంబర్‌లో ముడి నూనెల మీద మొత్తం సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు, నూనెగింజల రైతుకి మంచిదన్నారు, వంటింటి ఖర్చు పెరిగింది, 2025 మే చివర్లో 16.5కి దించారు. ఒకే ప్రభుత్వం, ఏడాది తిరక్కుండా, ఒకసారి రైతు వైపు ఒకసారి వంటిల్లు వైపు. తప్పని అనలేం, ఇద్దరూ ఓటర్లే.

బోర్డర్‌లో వరి దగ్గర ఇది కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. 2024-25లో మామూలు రకం వడ్లకి కేంద్రం మద్దతు ధర క్వింటాకి 2,300. ఒడిశా ప్రభుత్వం దానిమీద ఇంకో 800 ఇన్‌పుట్ సాయం కలిపి 3,100 ఇవ్వడం మొదలుపెట్టింది. బోర్డర్‌కి అటు పక్క రైతుకి 2,300, ఇటు పక్క 3,100, మధ్యలో గట్టు ఒక్కటే. ఇలాంటప్పుడు వడ్లు ఎటు నడుస్తాయో చెప్పడానికి ఎకనామిక్స్ డిగ్రీ అక్కర్లేదు, చెక్‌గేట్ల దగ్గర కాపలా ఎందుకు పెడతారో కూడా. కూలి మాత్రం ఉల్టా. అదే 2024-25లో ఉపాధి హామీ రోజు కూలి ఆంధ్రాలో 300, ఒడిశాలో 254. ఇటు పక్క పెట్రోల్ చవక, వడ్లకి ధర ఎక్కువ, కూలి తక్కువ. ఈ మూడిట్లో ఒక్కటి కూడా ముంబైలో మింట్ రోడ్డు మీది ఆర్‌బీఐ ఆఫీసులో తేల్చింది కాదు.

ఇదంతా చూసి, తిండి ధరల మీద ఆర్‌బీఐ చేయగలిగేది ఎలాగూ లేనప్పుడు టార్గెట్‌లోంచి తిండిని తీసేస్తే పోలా అనే వాదన వస్తుంది. ఊరికే ఎవరో అన్న మాట కాదు, 2024 జులైలో వచ్చిన ఎకనామిక్ సర్వేలోనే తిండి కలపని ద్రవ్యోల్బణాన్ని టార్గెట్ చేయడం గురించి ఆలోచించమన్నారు. 2025 ఆగస్టులో ఆర్‌బీఐ కూడా తన ఫ్రేమ్‌వర్క్ మీద చర్చా పత్రం పెట్టి అందులో ఈ ప్రశ్న అడిగింది. వినడానికి లాజికల్‌గానే ఉంటుంది. టమాటాకి వడ్డీతో మందు లేదని పైన ఒప్పుకున్నాం కూడా.

కానీ 2012 సిరీస్‌లో పల్లెటూళ్ళ ఖర్చులో తిండి, పానీయాల వాటా 54 శాతం పైన ఉంది, పట్నాల్లో 36 చిల్లర. గజపతి కొండల్లో ఒక ఇంటికి తిండి తీసేసి ద్రవ్యోల్బణం లెక్క చెప్పడమంటే వాళ్ళ ఖర్చులో సగం పైన లెక్కలోంచి కొట్టేయడమే. పైగా హోటల్ కుర్రాడు జీతం అడిగేది కోర్ ఇన్‌ఫ్లేషన్ (తిండి, ఇంధనం తీసేసిన ద్రవ్యోల్బణం) చూసి కాదు, వాడింట్లో బియ్యం, పప్పు, నూనె చూసి. తిండి ధర నెలా రెండు నెలలు పెరిగి దిగితే పట్టించుకోనక్కర్లేదు, ఏడాది పాటు అలాగే ఉంటే అది జీతాల్లోకి, అద్దెల్లోకి పాకుతుంది, అప్పుడు అది కోర్‌లో కూడా కనపడుతుంది, కాకపోతే ఆరు నెలలు లేటుగా. 2024 ఆగస్టులో అప్పటి గవర్నర్ శక్తికాంత దాస్ ఇంచుమించు ఇదే వాదన చేశారు, తిండి ధరలు అదే పనిగా పెరుగుతుంటే చూసీచూడనట్టు ఉండలేమని. ఆ మాట సరైనదే. తిండిని టార్గెట్‌లో ఉంచాలి, ఏ పెరుగుదల వారం రోజులది, ఏది పాకే రకం అని విడదీసే పని కమిటీ నెత్తిన పెట్టాలి, ఫెయిలైనప్పుడు రాసే ఉత్తరం జనం చదవడానికి కూడా ఇవ్వాలి. దుంప లారీలు, పెట్రోల్ వ్యాట్, షావుకారు వడ్డీ మాత్రం భువనేశ్వర్, అమరావతి, ఢిల్లీల పని, వాటికి రెపో రేటు వైపు వేలు చూపించడం కుదరదు.